ఏనుగుకొండ చరియ

మదురై నుంచి మేలూరు వైపు వెళ్లే బస్సు ఒత్తక్కడై దగ్గరపడేసరికి కిటికీ నిండా ఒక కొండ వచ్చేస్తుంది. చుట్టూ పొలాలు, ఇళ్లు, కొబ్బరిచెట్లు. వాటి మధ్య కిలోమీటర్ల పొడవున ఒకే బండ. ఒక చివర ఎత్తయిన తల, దాని ముందు నేలకు చాచిన తొండం. కూర్చున్న ఏనుగులా ఉంటుంది. అక్కడివాళ్లు యానైమలై అంటారు. మదురై మీదికి శత్రువులు మంత్రించి పంపిన ఏనుగును సుందరేశ్వరుడు నరసింహాస్త్రంతో పడగొడితే అది ఇలా రాయి అయిపోయిందని స్థలపురాణం. కొండ అడుగున నరసింహస్వామి గుహాలయం ఉంది. పాండ్యుల మంత్రి మారన్ కారి క్రీ.శ. 770లో తొలిపించినది.

ఆ ఏనుగు డొక్కల వైపు చూడాలి. విత్తనం పడితే నిలవడానికి చోటు లేనంత నున్నగా, వాననీరు కారిన దారుల్లో నల్లని చారలు పడి, నిటారుగా నిలబడ్డ రాతి ముఖం. దాన్ని తెలుగులో చరియ అంటారు. ఆ మాట గురించే ఈ వ్యాసం.

వానాకాలం వస్తే మన పత్రికల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది. కొండచరియలు విరిగిపడ్డాయి. హిమాలయాల్లో, వయనాడులో, నీలగిరుల్లో, తిరుమల కనుమదారిలో, ఎక్కడ జరిగినా అదే వాక్యం. ఈ వాక్యం బయట చరియ అన్న మాట వినిపించడం దాదాపు ఆగిపోయింది. దాంతో చదివేవాళ్ల మనసులో అర్థం తప్పుకుంది. చరియ అంటే ఏమిటని బడిపిల్లల్ని అడిగినప్పుడల్లా నాకు వచ్చే జవాబు ఒకటే: కొండ మీంచి దొర్లిపడే బండ.

నిజానికి చరియ కొండకు పక్క. ఇంటికి గోడ ఎలాగో కొండకు చరియ అలాగ. గోడ కూలిందని విన్నంత మాత్రాన గోడ అంటే కూలే వస్తువు అని ఎవరూ అనుకోరు. కూలని గోడల మధ్యే బతుకుతాం గనక, వాటికి మేకులు కొడతాం, వీపు ఆనిస్తాం గనక. చరియతో మనకు ఆ సహవాసం పోయింది. మేకల్ని మేపుకుంటూ కొండ ఎక్కేవాళ్లకీ, తేనెపట్టు కోసం తాడు కట్టుకుని దిగేవాళ్లకీ ఉండే పరిచయం, పత్రిక చదివేవాళ్లకు లేదు. మనకు చరియ విరిగినరోజే కనిపిస్తుంది.

ముందు మాటను సరిగ్గా పలకడం నేర్చుకోవాలి. ఇందులో మొదటి అక్షరం చీమలో ఉన్న చకారం లాంటిది కాదు. చలి, చుట్టు, చొక్కా అన్నప్పుడు నాలుక పళ్లకు తగిలి వచ్చే చకారం. అచ్చతెలుగు మాటల్లో అ, ఉ, ఒ అనే అచ్చుల ముందు చకారం ఇలా పళ్ల దగ్గర పుడుతుంది. దీనికి వ్యాకరణం దంత్య చకారమని పేరు పెట్టింది, ౘ అని ప్రత్యేకంగా రాసే పద్ధతీ ఉంది. రెండో అక్షరం విషయం ఇంకా ముఖ్యం. పాత పుస్తకాల్లో ఈ మాట చఱి, చఱియ అని బండి ఱతో ఉంటుంది. ఇవాళ మన నోటికి ర, ఱ రెండూ ఒకటే. పూర్వకవులకు వేరు. ఈ రెంటినీ కలిపితే ప్రాస చెడుతుందని లాక్షణికులు ఏ మాటలో ఏది ఉండాలో జాబితాలు రాసి మరీ కాపాడారు.

ఈ రెండు గుర్తులూ పట్టుకుంటే ఒక పొరపాటు తప్పుతుంది. సంస్కృతంలోని చర్య అనే మాట ప్రాకృతంలో చరియ అవుతుంది. మదురైలో శైవుల నోట వినిపించే సరియై, అంటే భక్తుడు గుడిలో చేసే సేవ, ఆ సంస్కృత చర్య నుంచే వచ్చింది. చూడటానికి మన చరియలాగే ఉన్నా దానికీ కొండకూ ఏ చుట్టరికమూ లేదు. ఒకే రకం బట్టలు వేసుకున్న ఇద్దరు అపరిచితులు, అంతే. కొండచరియ చుట్టాలు వేరే ఉన్నారు. వాళ్లను వెతకడానికి మదురై, కోయంబత్తూరు ప్రాంతాల కన్నా మంచిచోటు నాకు తెలియదు. ఎందుకో చెప్పాలంటే అక్కడి తెలుగువాళ్ల సంగతి చెప్పాలి.

విజయనగర యువరాజు కుమారకంపన 14వ శతాబ్దంలో మదురై సుల్తానుల్ని ఓడించాడు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలకుడయ్యాడు. దేశాన్ని 72 పాళెయాలుగా పంచారు. ఆ తరవాత రెండు వందల ఏళ్లు, 1736 దాకా, మదురైని ఏలింది ఇంట్లో తెలుగు మాట్లాడిన కుటుంబమే. తిరుమల నాయకుడు, రాణి మంగమ్మ వాళ్లే. విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రాశాడు. రాజుల వెనక సైనికులే కాదు, మట్టిని నమ్ముకున్నవాళ్లూ వచ్చారు, అంతకు ముందూ వచ్చారు. నల్లరేగడి భూముల్లో పత్తి పండించిన కమ్మవారు, గవర బలిజలు, రెడ్లు, మందలు మేపుకుంటూ వచ్చిన రాజకంబళం నాయకర్లు, పడమటి కనుమల కింద రాజపాళయంలో రాజులు, మగ్గం నేసే దేవాంగులు, తోలుపని చేసి ఊళ్లను నడిపించిన అరుంధతియార్లు, రాయి కొట్టే వడ్డెరలు. పాంచాలంకుఱిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ పేరులోని కట్టబొమ్మన్ మన గట్టిబొమ్మే. కోయంబత్తూరులో పత్తిమిల్లులు లేపిన పలు కుటుంబాలూ, యంత్రాల మనిషి జి.డి. నాయుడూ (1893–1974) ఈ వలసల వారసులే. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తమ భాష అని చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు, రాష్ట్ర జనంలో ఆరు శాతానికి కాస్త తక్కువ.

వీళ్లలో చాలామందిది ఇంటి తెలుగు. బడి తమిళం, బజారు తమిళం, గుడి తమిళం. అమ్మతో మాట్లాడే భాషకు అక్షరాలు రాని మనుషులు లక్షల్లో ఉన్నారు. ఇది నన్ను బాధపెట్టే విషయం, దాచుకోను. అయితే ఈ బతుకులో ఒక వింత సంపద కూడా ఉంది. ఒకే కొండను పొద్దున ఒక భాషలో, సాయంత్రం ఇంకో భాషలో పిలిచేవాళ్లకు ఆ రెండు పేర్ల మధ్య పోలిక చెవికి తగులుతూనే ఉంటుంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) తమిళంలో ఎంత గొప్ప కథకుడో అంత గొప్ప మాటల వేటగాడు. రేగడినేల పల్లెల పలుకుబడికి నిఘంటువు కూర్చాడు. తెలుగువాళ్ల వలస కథను ‘గోపల్ల గ్రామం’గా రాశాడు. రెండు భాషల మధ్య పెరిగిన చెవి ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఆయన చాలు.

ఏనుగుకొండ దగ్గరికే మళ్లీ వద్దాం. తమిళంలో యానై, తెలుగులో ఏనుగు. మదురైకి నీళ్లిచ్చే వైగై ఒక ఆఱు. పాత తమిళంలో యాఱు. మనకు ఏఱు. సంవత్సరానికి పాత తమిళం యాండు, మనకు ఏడు. మూడు జతలూ పక్కపక్కన పెడితే ఒక నియమం తనంతట తానే బయటపడుతుంది. మూలంలో యా ఉన్నచోట తెలుగులో ఏ వచ్చింది. ఒక్క జత అయితే కాకతాళీయం అనుకోవచ్చు. ఇలా వరసగా ఒకే దారిలో మారితే అది చుట్టరికం.

కొండ అన్న మాటకూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. మదురైకి దక్షిణాన సుబ్రహ్మణ్యస్వామి గుహాలయం ఉన్న నిటారు కొండ తిరుప్పరంకున్ఱం. నోట్లో అది కుండ్రం అవుతుంది. కున్ఱు అంటే కొండ. తమిళంలో న్ఱ ఉన్నచోట తెలుగులో డకారం వస్తుంది. ఒన్ఱు మనకు పాతకాలంలో ఒండు, మూన్ఱు మనకు మూఁడు. అదే దారిలో కున్ఱు మనకు కొండ. కల్ అన్న మాటా అంతే. మనం రాయి అంటాం, కానీ వంటింట్లో సన్నికల్లు దగ్గర కూర్చున్నప్పుడు తెలియకుండానే ఆ పాతమాట పలుకుతాం.

ఈ రకం లెక్క మొదట పెట్టి చూపినవాళ్లలో ఒకరికి ఈ సీమతో విషాదకరమైన బంధం ఉంది. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, తెలుగు ధాతువుల్ని తమిళ కన్నడాలతో పోల్చి, ఇది సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని నిరూపించాడు. ద్రావిడ భాషల్ని పోల్చి చూపినందుకు పేరుపడ్డ కాల్డ్‌వెల్ పుస్తకానికి నలభై ఏళ్ల ముందు మాట ఇది. మూడేళ్లకే, 1819లో, మదురైకి ఆగ్నేయంగా ఉన్న రామనాథపురంలో ఆయన చనిపోయాడు. ఆ తరవాత సుమారు వందేళ్లకు ఇంకొకడు కోయంబత్తూరు పైన ఉన్న నీలగిరులకు వచ్చాడు. పేరు మరే ఎమెనో. 1935 నుంచి మూడేళ్లు ఇండియాలో ఉండి, తోడా, కోతా జనం దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రాసుకున్నాడు. ఆయన, థామస్ బరో కలిసి 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పులో అయిదున్నర వేల పైచిలుకు పదకుటుంబాలతో, ఇవాళ్టికీ ఈ వెతుకులాటకు మూలాధారం. అదే 1961లో మన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద రాసిన గ్రంథం వచ్చింది.

ఇక చరియకు చుట్టాలెవరో చూద్దాం. తమిళంలో సరి అనే క్రియ ఉంది. బాగుంది, ఒప్పుకున్నాను అనే అర్థంలో మనమూ వాళ్లూ వాడే సరి కాదు, ఇది వేరు. నెలవు తప్పి కిందికి జారడం, వాలడం, గట్టు ఒరిగి కూలడం దీని అర్థం. దాని నుంచి సరివు: వాలు, ఏటవాలు నేల. మలైచ్చరివు అంటే కొండవాలు. పాలక్కాడు దాటి మలయాళంలోకి వెళితే చరివ్ అంటే వాలు, మలంచరివ్ అంటే కొండవాలు. కొండచరియ, మలైచ్చరివు, మలంచరివ్. మూడు ఊళ్లలో పెరిగిన అక్కచెల్లెళ్లను ఒక పెళ్లిలో చూసినట్టుంటుంది.

తమిళుల నోట సరివు సకారంతో మొదలవుతుంది గనక మన చెవి ఆ పోలికను ముందు పట్టుకోదు. తమిళంలో మాట మొదట్లో ఉన్న చకారం సకారంలా పలుకుతారు. మన చుట్టు వాళ్లకు సుఱ్ఱు. కానీ ఆ చకారం చచ్చిపోలేదు, దాక్కుంది. సమాసంలో పడగానే బయటికి వస్తుంది. నిలం, సరివు కలిసి నిలచ్చరివు అవుతాయి. తమిళ పత్రికల్లో కొండవాలు కూలడానికి వాడే మాట అదే. మన కొండచరియలో ఉన్న చ, వాళ్ల నిలచ్చరివులో ఉన్న చ్చ ఒకే అక్షరం. కోయంబత్తూరు గాంధీపురం బస్టాండులో వేలాడే పత్రికల్లో ఆ శీర్షిక కనిపిస్తే, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఒక మాటలో రెండు భాషల్ని చదువుతాడు.

బండి ఱ సంగతి తేల్చాలి గదా. తమిళ సరివులో ఉన్నది మామూలు ర. మన పాత చఱిలో ఉన్నది ఱ. ఆ ఱ ఉన్న తమిళ మాట సఱుక్కు: కాలు జారడం, పిల్లలు జారుడుబల్ల మీద జారడం. మన జారు కూడా పాతరూపంలో జాఱు, బండి ఱతోనే. అర్థాన్ని బట్టి చూస్తే చఱియ సరివుకు దగ్గర, అక్షరాన్ని బట్టి చూస్తే సఱుక్కుకూ జాఱుకూ దగ్గర. నా మటుకు నాకు ఱ చెప్పే సాక్ష్యం బలమైనదనిపిస్తుంది. అక్షరాలు అర్థాల కన్నా నెమ్మదిగా మారతాయి. అయితే ఏ ఇంటికి చేర్చినా ఆ ఇంటి పేరు జారడమే. కొండ పక్కకు మన పూర్వులు పెట్టిన పేరులో మొదటి నుంచీ కాలు జారే భయం ఉంది.

ఇది మన ఒక్కరి ఊహ కాదని లోకం మీది మాటలు చెబుతున్నాయి. సంస్కృతంలో నిటారు చరియను ప్రపాతం అంటారు. పడటం అనే ధాతువు నుంచి పుట్టిన మాట. జలపాతానికీ అదే ధాతువు, అందుకే ప్రపాతానికి జలపాతమనే అర్థమూ ఉంది. చరియకు ఇంకో సంస్కృతం మాట భృగువు. దాని పై నుంచి దూకి ప్రాణం వదలడమే శ్రీశైలం కథల్లో వినిపించే భృగుపాతం. ఇంగ్లీషువాళ్ల ప్రెసిపిస్ లాటిన్ నుంచి వచ్చింది, తల ముందుగా పడటం అని దాని అసలు భావం. రాయిని కాదు, రాతి అంచున నిలబడ్డ మనిషి గుండెను చూసి పెట్టిన పేర్లు ఇవి.

తమిళానికి ఇంకో మాట ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. సారల్. కొండవాలు అని పాత అర్థం. సంగం కవిత్వంలో కొండసీమ వర్ణనల నిండా ఈ మాటే. ఇవాళ కోయంబత్తూరులోనో కుర్తాళంలోనో సారల్ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది కొండ కాదు, ఆషాఢంలో పడమటి గాలి కొండల మీంచి మోసుకొచ్చి మొహాన చల్లే సన్నని తుంపర. కొండ పక్క పేరు, ఆ పక్కన కురిసే వానకు పేరయింది. అక్కడ మాట జారి వాన అయితే, ఇక్కడ మన చరియ జారి బండరాయి అయింది.

మాటలు ఇలా జరగడం కొత్త కాదు. పశ్చిమ కనుమలు అని భూగోళం పుస్తకంలో చదువుకున్నాం. కనుమ అంటే అసలు కొండల మధ్య దారి. తమిళంలో కణవాయ్. కోయంబత్తూరుకు పడమట సుమారు ముప్ఫై కిలోమీటర్ల వెడల్పున కొండలు తెరిపి ఇచ్చిన చోటు పాలక్కాడు కణవాయ్. ఉత్తరాన నీలగిరులు, దక్షిణాన ఆనైమలై, మధ్య వాకిలి. వాకిలి పేరు గోడకు పెట్టినట్టు, మనం దారుల పేరును కొండల వరసకంతా పెట్టేశాం. ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. చరియ విషయంలో మాత్రం నాకు ఇబ్బంది ఉంది. ఎందుకో చెప్పడానికి కొంచెం రాళ్ల లోపలికి పోవాలి.

మదురై చుట్టూ ఉన్న బండల్లో కొన్ని సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల చాలా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మగ్గినవి. పైనున్న మందమంతా యుగాల తరబడి అరిగి కొట్టుకుపోయాక బయటపడ్డాయి. అంత బరువు మీంచి తొలగితే రాయి ఊపిరి పీల్చుకున్నట్టు కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఉపరితలానికి సమాంతరంగా చీలికలు పుడతాయి. ఉల్లిపాయ పొరల్లా పలకలు విడిపోతాయి. ఒక పొర జారిపోతే దాని కింద అలాంటిదే నున్నటి కొత్త ముఖం. యానైమలై వీపు గుండ్రంగా, డొక్కలు నిటారుగా ఉండటం వెనక ఇదే పని. వాన నీరు నిలవదు గనక మట్టి పట్టదు, మట్టి లేదు గనక చెట్టు పట్టదు. నీరు కారిన దారిలో మాత్రం కంటికి ఆనని జీవులు పెరిగి ఆ నల్లచారలు గీస్తాయి.

ఇసుక కుప్ప పోస్తే ముప్ఫై, ముప్ఫై అయిదు డిగ్రీల వాలు దాటి నిలవదు. అంతకు మించి పోస్తే జారుతుంది. రాయికి ఆ హద్దు లేదు. దాని వాలును నిర్ణయించేది లోపలి పగుళ్లు. పగుళ్లు తక్కువగా, తమకు అనువైన దిక్కుల్లో ఉంటే బండ గోడలా నిలుస్తుంది, వేల ఏళ్లు నిలుస్తుంది. ఇది తెలిసినవాళ్లే ఆ చరియల నీడన ఇళ్లు చేసుకున్నారు. మదురైకి ఉత్తరాన మాంగుళం కొండ గుహల్లో జైన మునుల కోసం తొలిచిన పడకలున్నాయి, వాటి పక్కన క్రీస్తుకు పూర్వపు తమిళ బ్రాహ్మీ శాసనాలున్నాయి. మదురై పరిసరాల్లో ఇలాంటి గుహల నుదుటి మీద బండలోనే ఒక సన్నటి గాడి చెక్కి ఉంటుంది. చరియ మీంచి కారే నీరు ఆ గాడి దగ్గర తెగి బయటికి పడుతుంది, లోపలికి రాదు. పూరింటికి చూరు దింపినట్టు రాతికి చూరు చెక్కారు. చరియను విరిగేదిగా కాక ఆశ్రయమిచ్చేదిగా చూసిన చేతుల పని అది.

ఆ తరవాతి కాలంలో అదే రాతిని చదవడం నేర్చినవాళ్లు వడ్డెరలు. కోయంబత్తూరు ప్రాంతంలో బోయర్లు, ఒడ్డర్లు అని పిలుస్తారు, ఇంట్లో తెలుగే. దక్షిణాది కులాల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ గ్రంథంలో వీళ్లు రెండు పాయలుగా కనిపిస్తారు: రాయి పని చేసే కల్ ఒడ్డర్లు, మట్టి పని చేసే మణ్ ఒడ్డర్లు. ఉలితో వరసగా గుంతలు తీసి, చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో వంతులవారీగా కొట్టి బండను తాము అనుకున్న గీత వెంట చీల్చడం, బండ మీద మంట పెట్టి వేడికి పైపొర లేపడం వాళ్ల విద్య. శాస్త్రవేత్త పుస్తకంలో రాసే పొరల చీలిక వాళ్లకు సమ్మెట దెబ్బ చప్పుడులో తెలుస్తుంది. గట్టి బండ ఒకలా మోగుతుంది, లోపల విడిన బండ ఇంకోలా. కోయంబత్తూరు పత్తి చేలకు నీళ్లిచ్చిన లోతు బావుల వెనక, ఊళ్ల గుళ్ల గోడల వెనక ఈ చేతులున్నాయి. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఇప్పుడు నీలగిరులు. కోయంబత్తూరుకు ఉత్తరాన మేట్టుపాళయం. అక్కడి నుంచి ఊటీకి పళ్ల చక్రాల రైలు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన 46 కిలోమీటర్ల దారి. కొన్నిచోట్ల పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కాలి. మామూలు రైలు చక్రం జారిపోతుంది, అందుకని మధ్యలో పళ్ల పట్టా వేశారు. దారి మొదట్లో వచ్చే స్టేషను కల్లారు. కల్, ఆఱు. రాళ్ల ఏరు. అక్కడి నుంచి కూనూరు మధ్య గట్టి వాన పడిందంటే ఈ రైలు ఆగిపోతుంది, పట్టాల మీద మట్టీ రాళ్లూ చెట్లూ పడి ఉంటాయి.

నీలగిరి బండ తక్కువది కాదు, చార్నకైట్ అనే గట్టి రాయి. కానీ అక్కడి వానకు ఆ రాయి పైనుంచి మెత్తబడి, మీటర్ల మందాన మట్టయింది. వాన నీరు ఆ మట్టిలోకి దిగి, కింద గట్టి బండ తగిలి ఆగుతుంది. కొద్దిపాటి తడి మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. పిసికిన మట్టిముద్ద నిలవడం మనకు తెలుసు. నీరు మితిమీరితే అదే నీరు రేణువుల్ని విడదీస్తుంది, పట్టు తప్పుతుంది. పైన అడవి కొట్టి ఇళ్లు, దారులు వేసి వాలును కోస్తే చెప్పనక్కరలేదు. 2009 నవంబరులో కొద్దిరోజుల వానకు నీలగిరి జిల్లాలో వందల చోట్ల నేల జారింది. నలభై మందికి పైగా చనిపోయారు. మన పత్రికల భాషలో అప్పుడు కూడా కొండచరియలే విరిగిపడ్డాయి. జారింది చాలాచోట్ల చరియ కాదు, చరియ మీద పేరుకున్న మట్టి.

2024 జులై 30న వయనాడులో చూరల్‌మల, ముండక్కై ఊళ్లను తుడిచిపెట్టినది ఇంకా వేరు. రాళ్లు, మట్టి, నీరు, చెట్లు కలిసి ఏరులా సుమారు ఎనిమిది కిలోమీటర్లు ప్రవహించాయి. మలయాళీలకు దీనికి వేరే మాట ఉంది: ఉరుళ్‌పొట్టల్. దొర్లుతూ వచ్చేది పగలడం అని చెప్పవచ్చు. మట్టి కూలితే మణ్ణిడిచ్చిల్ అంటారు. రెంటినీ కలపరు. అదే ఏడాది ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండ మీంచి బండలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మూడు ప్రమాదాలు, మూడు తీరులు. తప్పించుకునే దారి మూడింటికీ వేరు. పడే బండకు పక్కకు తప్పుకోవాలి, జారే నేల మీంచి ముందే ఇల్లు ఖాళీ చేయాలి, పారే బురదకు వాగు దారిలో దూరంగా ఉన్నా సరే గట్టెక్కి ఎత్తుకు పోవాలి. మనం మూడింటినీ ఒకే వాక్యంలో కుక్కితే, చదివేవాడికి దేనికి భయపడాలో తెలియదు.

అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు డేవిడ్ వార్న్స్ 1978లో ఈ ప్రమాదాల్ని వర్గీకరించాడు. కదిలేది రాయా, మట్టా, కలగలుపా అని ఒక ప్రశ్న. ఎలా కదులుతుంది అని రెండో ప్రశ్న. లోకమంతా వాడే ఆ పట్టిక కోసం మనం కొత్త మాటలు పుట్టించనక్కరలేదు. బండ పడింది. బండ ఒరిగింది. నేల జారింది. బురద పారింది. నాలుగు వాక్యాలూ అయిదేళ్ల పిల్లకు అర్థమవుతాయి. చరియ విరిగింది అన్న వాక్యాన్ని నిజంగా చరియే విరిగిన రోజుకు దాచుకోవచ్చు.

మేలూరు దారిలోనే ఇంకాస్త ముందుకు పోతే అరిట్టాపట్టి. ఏడు గుట్టల ఊరు. గుహలో శివుడు, జైన తీర్థంకరుడి విగ్రహం, తమిళ బ్రాహ్మీ శాసనం, గుట్టల నడుమ చెరువులు. 2022 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం దీన్ని ఆ రాష్ట్రపు మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. రెండేళ్లకు ఈ ప్రాంతంలో టంగ్‌స్టన్ గని కోసం వేలం జరిగింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. 2025 జనవరిలో ఆ వేలాన్ని కేంద్రం రద్దు చేసింది. అంతకు ముందు 2010 ప్రాంతంలో యానైమలైని చెక్కి శిల్పనగరం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడూ అక్కడి జనం ఇలాగే అడ్డం నిలబడ్డారు. ఏనుగు డొక్క మీద ఉలి పడలేదు.

అరిట్టాపట్టి గుట్టల నిటారు ముఖాల మీద లగ్గర్ డేగ, షహీన్ డేగ, బోనెల్లి గద్ద ఉంటాయి. డేగలు పుల్లలు ఏరి గూడు అల్లే శ్రమ పెట్టుకోవు. చరియ మధ్యలో, పైనుంచి పొర జారిపోయినప్పుడు మిగిలిన జానెడు అంచు దొరికితే చాలు, దాని మీదే గుడ్లు పెడతాయి. పాము ఎక్కలేనంత నున్నన, నక్క దిగలేనంత నిటారు. పిల్లలకు రెక్కలు ముదిరాక ఆ అంచు చివరికి వచ్చి, కాసేపు కిందికి చూసి, గాలిలోకి జారతాయి.